దైవభీతియు ధర్మనిష్ఠయు

ఊరిలో దొంగతనము జరిగినను, పాలలో నీరు కలిసినను, కొడుకు వృద్ధురాలైన తల్లిని వీధిపాలు చేసినను, పెద్దలు మొదట అను మాట ఒక్కటే: "దైవభీతి లేకపోయినది." ఆ మాట వెనుక ఒక సిద్ధాంతము దాగియున్నది. మనుష్యుడు స్వభావముచే స్వార్థపరుడు. పైనుండి చూచువాడొకడు కలడను వెఱపు తొలగినచో అతడు కట్టు తెంచుకొన్న పశువగును. కావున సంఘము నిలుచుటకు దేవునియందు నమ్మకము ఉండి తీరవలెను అని ఆ సిద్ధాంతము. దీనికి ఎదురుగా మఱియొక వాదము నేడు బలముగా వినబడుచున్నది. చట్టము కలదు, న్యాయస్థానము కలదు, వీధివీధికి నిఘా కెమెరా కలదు. ఇక సంఘమునకు దేవునితో పని యేమి? అని ఆ వాదము.

ఈ రెండు పక్షములును పరస్పర విరుద్ధములుగా కనబడును. నిదానించి చూచినచో రెండింటికిని మూలమైన భావము ఒక్కటే. దేవుడు మనుష్యులను అదుపులో ఉంచుటకు ఏర్పడిన కావలివాడని ఇరువురును తలంచుచున్నారు. ఒకరు ఆ కావలివాడు ఇంకను కావలెనందురు. వేఱొకరు అంతకంటె మెలకువగల కావలివాడు దొరికినాడందురు. ప్రశ్న సంఘమును గూర్చినదిగా తోచినను, భక్తి యొక్క గౌరవము కూడ దానిలో ముడిపడి యున్నది. కావున దీనిని శాస్త్రదృష్టితోను, లోకానుభవముతోను విచారించుట ఆస్తికులకు అవసరము.

పూర్వపక్షము యొక్క బలము

మొదటి వాదమును తేలికగా త్రోసివేయరాదు. దండము లేని లోకములో, పెద్దచేప చిన్నచేపను మ్రింగునట్లు బలవంతుడు దుర్బలుని మ్రింగునని ప్రాచీనులు మాత్స్యన్యాయమను పేరుతో చెప్పిరి. కాని ఆ దండమునకును ఒక హద్దు కలదు. దండనీతిని విపులముగా వ్రాసిన కౌటిల్యుడే, అర్థశాస్త్రములో ఉద్యోగులు రాజధనమును అపహరించు మార్గములు 40 అని లెక్కించి చూపెను. వానిని పట్టుటకు గూఢచారులను, ఆ గూఢచారుల మాట నిజమో కాదో తెలియుటకు మఱికొందఱు గూఢచారులను నియమింపవలసి వచ్చెను. చట్టము చేయి చాచినంత దూరమే పోగలదు. మనుష్యుని తలంపు అంతకంటె దూరము పోగలదు.

ఆంధ్రదేశమందలి దేవాలయ శాసనములును ఈ విషయమునకు సాక్ష్యమిచ్చును. ద్రాక్షారామ భీమేశ్వరాలయములో 11, 12 శతాబ్దుల నాటి అఖండదీప శాసనములు అనేకములు కలవు. దాత దీపమునకై గొఱ్ఱెలను దానమిచ్చును. సాధారణముగా ఒక దీపమునకు 50 గొఱ్ఱెలు. వానిని స్వీకరించిన బోయ నిత్యము కొలత ప్రకారము ఆలయమునకు నెయ్యి తెచ్చి పోయవలెను. ఇట్టి దానశాసనముల తుదిని శాపవచనములు చెక్కించుట ఆచారము. దానమును చెఱచినవానికి గంగాతీరమున గోవులను చంపిన పాపము కలుగుననియు, అతడు అరువదివేల ఏండ్లు అశుద్ధములో పురుగై యుండుననియు వానిలో కనబడును. రాజు నేడు కలడు, రేపు లేడు, రాజవంశములే మాఱిపోవును. నూఱేండ్ల తరువాత దేవుని మాన్యమును ఆక్రమింపబోవు చేతిని ఆపుటకు దాతకు దైవభీతి తప్ప వేఱొక సాధనము కనబడలేదు.

ఐనను ఆ శాసనములనే మఱల చదువవలెను. దాత శాపమును మాత్రమే నమ్ముకొని ఊరకుండలేదు. గొఱ్ఱెల లెక్క చెక్కించెను, నేతి కొలత చెక్కించెను, బాధ్యుని పేరు చెక్కించెను. దానిని పదిమంది నడచు మండప స్తంభముమీద నిలిపెను. పూర్వులు దేవుని నిండుగా నమ్మిరి. నమ్మియు నెయ్యిని కొలిచియే పుచ్చుకొనిరి. నేడు పెద్ద దేవాలయములలో హుండీ లెక్కింపు సైతము కెమెరాల నడుమ, పలువురి కన్నుల యెదుట జరుగుచున్నది. స్వామి సన్నిధిలోనే కొలతయు కావలియు అవసరమైనప్పుడు, దైవభీతి ఒక్కటే లోకుల నడవడిని దిద్దునని చెప్పుట సాహసమగును.

నమ్మినవాడు తప్పు చేయడా?

రావణుడు నాస్తికుడు కాడు. కైలాసమును కదల్పబోయి, పరమేశ్వరుని మహిమ తెలిసి, ఆయనను స్తుతించి మెప్పించినవాడు. ఈశ్వరుడు కలడని అతనికి తెలిసినంతగా లోకములో ఎందఱికి తెలియును? అట్టివాడే పరుని భార్యను అపహరించెను. అతనికి కొఱవడినది విశ్వాసము కాదు, నిగ్రహము.

అంత దూరము పోవలసిన పనియు లేదు. ఒక ధాన్యపు వర్తకుని ఊహింపవచ్చును. తెల్లవాఱకముందే స్నానము చేయును. నొసట బొట్టు పెట్టును. దుకాణములో దేవుని పటమునకు పూలదండ వేసి, అగరువత్తి వెలిగించి, తక్కెడకు దండము పెట్టి గాని బోణీ చేయడు. ఆ తక్కెడ పళ్లెము క్రిందనే చింతపండు ముద్ద అంటించియుండును. తక్కెడ పోయి విద్యుత్ కాటా వచ్చినను ఆ చేతి నేర్పు మాఱలేదు. ఏడాదికొకసారి కొండకు పోయి ముడుపు చెల్లించును. ఇతడు నాస్తికుడు కాడు. కపటభక్తుడు కూడ కాకపోవచ్చును. దేవుడు చూచుచున్నాడని నిజముగనే నమ్మును. ఐతే ఆయనతో లెక్క వేఱుగా తీర్చుకొనవచ్చునని కూడ నమ్మును. దైవభీతి అతనిని తప్పునుండి మఱల్పలేదు. తప్పు చేసిన పిదప హాయిగా నిద్రపట్టునట్లు చేసినది.

భీతికి కలుగు మొదటి వికారమిది. భయపడువాడు భయపెట్టువానిని మంచి చేసికొనుటకు దారి వెదకును. అధికారికి వెఱచువాడు లంచమును వెదకినట్లే, దేవుని అధికారిగా మాత్రమే తలచువాడు ముడుపును లంచముగా మార్చును. కొలిచినందుకు కోపము తగ్గించుకొని, తూనికలో మోసపోయిన కూలివాని మాట మఱచు స్వామిని అతడు మనస్సులో కల్పించుకొనుచున్నాడు. అట్టి స్వామి ఏ ఆలయములోను లేడు.

మహాభారతము శాంతిపర్వములో తులాధార జాజలి సంవాదము కలదు. జాజలి అను తపస్వి స్తంభమువలె కదలక నిలిచి తపస్సు చేయుచుండగా, అతని జడలలో పక్షులు గూడు కట్టి గ్రుడ్లు పెట్టినవి. పిల్లలు ఎదిగి ఎగిరిపోవువఱకు అతడు కదలలేదు. అప్పుడు ధర్మమును సాధించితినని గర్వింపగా, వారణాసిలోని తులాధారునితో అతడు సాటిరాడని అంతరిక్షమునుండి మాట వినబడెను. పోయి చూడగా ఆ తులాధారుడు దుకాణములో కూర్చుండి సుగంధద్రవ్యములను అమ్ముకొను వర్తకుడు! అతని మహిమయంతయు ఆ తక్కెడలోనే యున్నది. అది ఎల్ల ప్రాణులయెడ సమముగా తూగుచున్నది. జడలలో పిట్టలను పెంచిన తపస్వికి, తూనికలో మోసమెఱుగని వర్తకుని వ్యాసమహర్షి గురువుగా నిలిపెను. ఆ కథను చదివిన పిదప, పూజా పటమునకును చింతపండు ముద్దకును ఒకే దుకాణములో చోటిచ్చుట ఎంతటి అపచారమో వేఱుగా చెప్పనక్కఱలేదు.

నమ్మనివాడు ధర్మహీనుడా?

ఇక రెండవ వైపు చూడవలెను. ఈశ్వరుని అంగీకరింపనివారెల్ల ధర్మమును విడిచిరా? ఈ దేశచరిత్ర అట్లు చెప్పుటలేదు. పూర్వమీమాంసకులు వేదమునకు కాపువంటివారు. వారిలో కుమారిలభట్టు శ్లోకవార్తికములో, జగత్తును సృజించిన సర్వజ్ఞుడొకడు కలడను వాదమును యుక్తులతో ఖండించెను. వేదము ఏ ఒక్కని ఆజ్ఞయు కాదు, అపౌరుషేయము. విహితమైన కర్మ 'అపూర్వము' అను శక్తిద్వారా తన ఫలమును తానే ఇచ్చునని వారి మతము. తరువాతి కాలపు మీమాంసకులు కొందఱు కర్మను ఈశ్వరార్పణము చేయుటను అంగీకరించిరి గాని, మొదటివారికి ఆ ఊత అవసరము లేకపోయెను. ఐనను కర్మానుష్ఠానములో వారికంటె కఠినమైన నియమము కలవారు అరుదు. పైనుండి చూచువాని వెఱపు లేకయే వారు నియమమును పాటించిరి.

జైనులు జగత్కర్తను అంగీకరింపరు. కాని నడచునప్పుడు కాలిక్రింద చీమ నలుగునేమో యని చూచి నడచుట వారి వ్రతము. బౌద్ధులును సృష్టికర్తపై తమ శీలమును నిలుపలేదు. కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి బండలపై క్రీ.పూ. 3వ శతాబ్ది నాటి అశోకుని శాసనములు నేటికిని కలవు. తల్లిదండ్రులను సేవించుట, ప్రాణులయెడ దయ, సత్యభాషణము మొదలగువానిని అవి బోధించును. పరలోక సుఖమును గూర్చి చెప్పును గాని, శిక్షించు సృష్టికర్తను చూపి బెదరింపవు. ఢిల్లీలో నేడున్న తోప్రా స్తంభముపై గల 7వ శాసనములో ఆ చక్రవర్తి తన అనుభవమును చెప్పెను. జనులలో ధర్మవృద్ధి రెండు విధముల కలిగినదట: నియమములచేత, ఆలోచనచేత. వానిలో నియమములవలన కలిగినది స్వల్పము. మనస్సునకు ఎక్కించి ఆలోచింపజేయుటవలన కలిగినదే అధికము. దండమంతయు చేతిలోనున్న ప్రభువు చెప్పిన మాట కావున దీనికి విలువ హెచ్చు.

సమీపకాలమున ఆంధ్రదేశములోనే మఱియొక దృష్టాంతము కలదు. గోరా అను పేర ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు (1902–1975) 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించెను. తరువాత అది విజయవాడకు మాఱెను. దేవుడు లేడని బాహాటముగా చెప్పిన ఆయన అంటరానితనమును తొలగించుటకు జీవితమంతయు పాటుపడెను. రామనామమునే ఊపిరిగా చేసికొన్న గాంధీమహాత్ముడు ఆయనతో వాదించెను గాని ఆయన సేవను త్రోసిపుచ్చలేదు. ఆ సంభాషణలను గోరా 1951లో పుస్తకముగా ప్రకటించెను. ఆయన సిద్ధాంతమును ఆస్తికులు ఒప్పుకొనజాలరు. కాని పంక్తినుండి వెలివేయబడినవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని భుజించిన చేతిని, తక్కెడక్రింద చింతపండు అంటించిన చేతికంటె తక్కువ దానినిగా ఎవరు చెప్పగలరు?

కావున ఒక మాటను ఒప్పుకొనక తప్పదు. సంఘమునకు కావలసినది బాహ్యమైన క్రమము మాత్రమే యైనచో, చట్టము, లోకాపవాదభీతి, ఇంటి పెంపకము, అంతరాత్మ అను నాలుగును చాలవఱకు ఆ పనిని చేయగలవు. దేవుని నమ్మనివాడు సజ్జనుడు కాలేడనుట సత్యము కాదు. నమ్మినవాడు తప్పక సజ్జనుడగుననుటయు సత్యము కాదు.

శాస్త్రకారుల దృష్టి

ఈ మాటకు ఆస్తికులు ఉలికిపడవలసిన పనిలేదు. వేదాంతులు దీనిని ఎఱుగనివారు కారు. బ్రహ్మసూత్రముల మూడవ అధ్యాయము రెండవ పాదము చివర ఫలాధికరణము కలదు. కర్మఫలమునిచ్చునది ఎవరు అను ప్రశ్న అందు విచారింపబడినది. ధర్మమే ఫలమునిచ్చునని జైమిని మతము. ఈశ్వరుడే ఇచ్చునని బాదరాయణుని సిద్ధాంతము. ఇద్దఱు మహర్షులు ఇట్లు భేదించినను, సత్యము పలుకవలెనా, పరధనము ముట్టవచ్చునా అను విషయములో వారికి భేదము లేదు. ధర్మము ఇరువురికిని సమానము. దాని వెనుకనున్న తత్త్వమును గూర్చియే వాదము.

10వ శతాబ్దివాడైన ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో ఈశ్వరసిద్ధికై పోరాడినట్లు మఱియొకరు పోరాడలేదు. ఆ గ్రంథము ఐదవ స్తబకములో ఆయన చూపిన హేతువులను సాధారణముగా తొమ్మిదిగా లెక్కింతురు. జగత్తు కార్యము కావున దానికి కర్త యుండవలెననుట మొదటిది. పరమాణువుల కూడిక, జగత్తు పడిపోక నిలుచుట, వేదము మొదలగువానిని ఆధారముగా చేసికొని తక్కినవి నడచును. దేవుడు లేనిచో జనులు చెడిపోదురు కావున దేవుడు ఉండవలెనను హేతువు ఆ తొమ్మిదింటిలో లేదు. ఆ తార్కికశిరోమణికి అది తోచక కాదు. ఉపయోగపడును కావున సత్యమనుట తర్కము కాదని ఆయన ఎఱుగును. దేవుడు కలడా అనునది సత్యమును గూర్చిన ప్రశ్న. లోకమును అదుపులో ఉంచుట ఎట్లు అనునది ఉపాయమును గూర్చిన ప్రశ్న. ఈ రెండింటిని కలిపినచో సత్యమునకును ఉపాయమునకును కూడ హాని కలుగును.

ఆ హాని పిల్లల విషయములో కన్నులకు కట్టినట్లు కనబడును. అబద్ధమాడినచో కళ్లు పోవునని తల్లి చెప్పును. పిల్లవాడు చెంపలు వేసికొనును. కొంతకాలము ఆ వెఱపు పని చేయును. పదునాఱేండ్లు వచ్చుసరికి అతడు పది అబద్ధములాడి చూచును, కళ్లు పోవు. ఆనాడు అతనికి తోచునదేమి? తల్లి చెప్పిన దేవుడు కల్ల, ఆ దేవునిపై నిలిపిన సత్యము కూడ కల్ల. ఒకే గుంజకు రెండు ఆవులను కట్టినట్లు, భీతి అను గుంజకు దేవుని, నీతిని రెండింటిని కట్టిన ఫలమిది. గుంజ ఊడినచో రెండును పోవును. అబద్ధమువలన ఎదుటివాని మనస్సునకు కలుగు గాయమును చూపి సత్యమును నేర్పవలెను. దేవుని ప్రేమింపదగినవానిగా చూపి భక్తిని నేర్పవలెను. అట్లు నేర్చినవాని విశ్వాసము యౌవనములో ఒకప్పుడు సడలినను, నీతి నిలుచును. నీతి నిలిచినచో విశ్వాసము మఱల వచ్చుటకు ఇల్లు పాడుపడకుండ ఉండును.

సాక్షి లేని చోటు

హేమచంద్రాచార్యుని జైనరామాయణములో ఒక కథ కలదు. క్షీరకదంబుడను గురువు తన శిష్యులైన వసువు, పర్వతుడు, నారదుడు అను మువ్వురికి పిండితో చేసిన కోడిని ఒక్కొక్కటి ఇచ్చి, ఎవరును చూడని చోట దానిని చంపి రండని పంపెను. వసువును పర్వతుడును నిర్జనమైన చోటికి పోయి పని ముగించి వచ్చిరి. నారదుడు మాత్రము కోడిని చేతబట్టుకొని తిరిగివచ్చెను. తానే చూచుచున్నాడు, జ్ఞానులు చూచుచున్నారు, ఎవరును చూడని చోటు ఎక్కడ? అని అతని భావము. వసువు పిదప రాజై, పెద్దసభలో అబద్ధపు సాక్ష్యమిచ్చి సింహాసనమునుండి పతితుడయ్యెను.

ఇట్టి కథయే కన్నడదేశమున కనకదాసును గూర్చి ప్రసిద్ధముగా చెప్పుదురు. గురువైన వ్యాసరాయలు శిష్యులకు అరటిపండ్లనిచ్చి, ఎవరును చూడని చోట తినుడని చెప్పెను. తక్కినవారు తలుపులు మూసికొనియు, చెట్లచాటునను తినివచ్చిరి. కనకదాసు పండును అట్లే తెచ్చి గురువు ముందు ఉంచెను. స్వామి లేని చోటు అతనికి దొరకలేదు.

ఒకటి సృష్టికర్తను అంగీకరింపని మతములోని కథ. రెండవది పరమభక్తుని కథ. ఒకనికి సాక్షి తన ఆత్మయు, జ్ఞానులును. రెండవవానికి సాక్షి కేశవుడు. ఐనను ఇద్దఱును ఒకే విధముగా తిరిగివచ్చిరి. తప్పు చేయకుండుటకు ఎఱుకగల అంతరంగము చాలునని ఈ రెండు కథలను చేర్చి చదివినచో తేటపడును. అయినచో భక్తునికి అధికముగా దొరకినదేమి? ఈ ప్రశ్నకు సమాధానము తిరిగివచ్చిన నారదునియందు లేదు, కనకదాసునియందు లేదు. కోడిని చంపి వచ్చినవానియందు ఉన్నది. తప్పనివాని కథ అక్కడితో ముగియును. తప్పినవాడు ఏమి కావలెను?

తప్పిన తరువాత

శాంతిపర్వములోనే శంఖలిఖితుల వృత్తాంతము కలదు. అన్నదమ్ములైన ఆ ఇద్దఱు ఋషులు బాహుదానదీతీరమున వేఱువేఱు ఆశ్రమములలో ఉండిరి. ఒకనాడు తమ్ముడైన లిఖితుడు అన్న లేని సమయమున అతని ఆశ్రమమునకు పోయి చెట్ల పండ్లను కోసికొని తినెను. శంఖుడు వచ్చి చూచి, అడుగక తీసికొనుట దొంగతనమగుననియు, రాజునొద్దకు పోయి శిక్షను కోరవలెననియు చెప్పెను. లిఖితుడు సుద్యుమ్న మహారాజునొద్దకు పోయెను. రాజు క్షమింప చూచెను. లిఖితుడు ఒప్పుకొనక దండమునే కోరెను. రాజు అతని చేతులు నఱికించెను. తెగిన చేతులతో వచ్చిన తమ్ముని చూచి శంఖుడు, తనకు కోపము లేదని చెప్పి, నదిలో స్నానము చేసి దేవ ఋషి పితృతర్పణము చేయుమని పంపెను. తర్పణము చేయబోగా చేతులు మఱల మొలిచినవి. ఇంత తపశ్శక్తి కలవాడు మొదటనే తనను పవిత్రుని చేయలేదేమని తమ్ముడు అడిగెను. దండించుట తన పని కాదు, రాజు పని అని అన్న బదులు చెప్పెను.

ఈ కథలో రెండు శక్తులు కలవు. ఒకటి చేతులను తీసికొనినది; రెండవది మఱల ఇచ్చినది. దండము న్యాయము చేయును గాని, తప్పినవానిని మునుపటివానిగా చేయలేదు. ఆ పనిని దండముతో చేయింపజాలము. అట్లని దండమును తప్పించుకొని అనుగ్రహమును అడుగుటయు కుదరదు. లిఖితుడు నదికి ముందు రాజునొద్దకే పోవలసి వచ్చెను. మనుస్మృతి 11వ అధ్యాయములో స్వల్పవస్తువును దొంగిలించినవానికి ప్రాయశ్చిత్తము చెప్పునప్పుడు, ఆ వస్తువును తిరిగి ఇచ్చి వ్రతము చేయవలెనని విధింపబడినది. శరణాగతికి ఆఱు అంగములను చెప్పిన వైష్ణవాచార్యులు భగవంతునికి ప్రతికూలమైన దానిని విడుచుటను వానిలో చేర్చిరి. చింతపండు ముద్దను తీయక చెల్లించిన ముడుపు శరణాగతి కానేరదు.

ఐతే తిరిగి ఇచ్చుటకు వీలులేని అప్పులు కొన్ని కలవు. మొదట చెప్పిన కొడుకు మాటనే తీసికొనవచ్చును. తల్లి బ్రదికియుండగా చట్టము అతనిచే పోషణధనము ఇప్పింపగలదు. 2007లో వచ్చిన వయోవృద్ధుల సంరక్షణ చట్టము అందుకే యున్నది. కాని ఆ తల్లి ఒకరింటి అరుగుమీద ప్రాణము విడిచిన పిదప ఒకనాటి రాత్రి ఆ కొడుకు మేలుకొన్నచో అతడెక్కడికి పోవలెను? చట్టమునకు ఇక అతనితో పనిలేదు. లోకము నాలుగునాళ్లు నిందించి మఱచినది. అంతరాత్మ నిందించునే గాని క్షమింపలేదు. క్షమింపగలిగిన ఒక్క నోరు చితిలో కాలిపోయినది. అట్టివాడు ఆలయములో గరుడస్తంభము ప్రక్కన నిలిచి, కావలివానికి వెఱచి కాదు, వేఱొక దిక్కు లేక ఏడ్చును. తల్లికిని తనకును కూడ తల్లియైనవాడు ఒకడు కలడను నమ్మకము అతనిని ఆత్మహత్యనుండియు, అంతకంటె ఘోరమైన మొద్దుబాఱిన బ్రదుకునుండియు కాపాడును. అతడు లేచి ఇంటికి పోవు దారిలో, అరుగుమీద ఆకలితో కూర్చున్న మఱియొక ముదుసలికి అన్నము పెట్టినచో, ఆ క్షమ నిజముగా అందినదని గుర్తు.

సమాధానము

కావున సంఘమునకు కావలివానిగా దేవుడు అవసరమా అను ప్రశ్నకు, అవసరము లేదనియే చెప్పవలెను. ఆ పనికి ఆయనను నియమించుట ఆయనకు గౌరవమును కాదు. కొలతలు సరిచూచుటకు ఉద్యోగులు కలరు; వారు తమ పనిని చక్కగా చేయవలెను. పిల్లలకు సత్యము నేర్పుటకు తల్లిదండ్రులు కలరు. ఆ భారమును దేవునిపై త్రోసి వారు తప్పుకొనరాదు. నమ్మని పొరుగువాడు నీతిగా బ్రదుకుచున్నచో ఆస్తికుడు అతనిని చూచి సంతోషింపవలెనే గాని అనుమానింపరాదు.

తప్పినవానికి దిక్కుగా, తప్పనివానికి గర్వము పుట్టకుండ తలవంచు చోటుగా దేవుడు కావలెనా యనినచో, ఆ అవసరము ఎన్నటికిని తీఱునది కాదు. తనయుడు తల్లి పెట్టెలోని ధనమును దొంగిలింపడు. రక్షకభటులున్నారని కాదు; ఆమె మొగము చిన్నబోవునని. దైవభీతియను మాటకు పెద్దలు ఉద్దేశించిన నిజమైన అర్థమిదియే. ప్రియమైనవానిని నొప్పింతునేమో యను వెఱపు అది. దెబ్బ తగులునేమో యను వెఱపు కాదు. మొదటిది పెరిగినకొలది మనుష్యుడు పెద్దవాడగును. రెండవది పెరిగినకొలది చిన్నవాడగును.

ఆ ధాన్యపు వర్తకుడు ఈ యేడును కొండకు పోవుటకు ముడుపు మూట కట్టుకొనుచుండవచ్చును. బయలుదేఱుటకు ముందు దుకాణము తలుపు మూసి, దీపము తెచ్చుకొని, తక్కెడను ఒకసారి త్రిప్పి చూచి, పళ్లెము క్రింది ముద్దను గోటితో గీకివేయవలెను. ఇంతకాలము ఎవరెవరికి ఎంత తఱిగినదో తలచుకొని, గుర్తున్నంతవఱకు వారి గుమ్మములకు పోయి ఇచ్చిరావలెను. గుర్తులేని దానిని ఆకలిగొన్నవారికి పెట్టవలెను. ఆ పిదప మూటలో మిగులునది కొంచెమే కావచ్చును. దానిని తీసికొని కొండ యెక్కినచో, ఆనాడు అతడు స్వామి యెదుట కన్నులెత్తి నిలువగలడు.